ఎగరాలంటే బరువెత్తాలా, ఇసుకలో గెంతాలా?

పరుగు, లాంగ్ జంప్ పరీక్షలకు తయారయ్యే నెల్లూరు కుర్రకారుకు మైపాడు తీరం పైసా ఖర్చులేని మైదానం. తుంటి బలం పెంచుకోవడం గురించి అక్కడ వినవచ్చే సలహాల్లో కొన్నింటిని మాత్రం సరిదిద్దుకోవాలి.

అపోహ: బరువులెత్తితే ఒళ్లు బిగుసుకుపోయి వేగం తగ్గుతుంది.

వాస్తవం: వెయిట్‌లిఫ్టింగ్‌లోని స్నాచ్‌లో బార్‌ను నేల మీంచి ఒక్క ఊపున తలపైకి చేర్చాలి. బార్ మోకాళ్లు దాటాక తుంటి, మోకాళ్లు, చీలమండలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. నిలువుగా ఎగిరేటప్పుడూ ఆ కీళ్లు చేసే పని అదే. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో మొత్తం 338 కిలోలతో స్వర్ణం సాధించాడు. మందకొడి ఒంటికి అవి లేచే బరువులు కావు.

అపోహ: స్నాచ్ లాంటి ఒలింపిక్ లిఫ్టులు లేకుండా ఎగిరే శక్తి రాదు.

వాస్తవం: అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2016లో కలిపి విశ్లేషిస్తే, నిలువు ఎగురు పెంచడంలో ఒలింపిక్ లిఫ్టులకూ ప్లయోమెట్రిక్ గెంతులకూ (నేల తాకగానే మళ్లీ ఊపుగా పైకి లేచేవి) చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లిఫ్టు నేర్వాలంటే పక్కన కోచ్ ఉండితీరాలి. గెంతుకు గట్టి నేల చాలు. అయితే గెంతులన్నీ ఒకటి కావు. పెట్టె మీంచి దూకి వెంటనే పైకి లేస్తే భారం ఎక్కువగా చీలమండలు, మోకాళ్ల మీద పడుతుంది. తుంటి పనిచేయాలంటే బాగా వంగి, ఛాతీ కాస్త ముందుకు వాల్చి ఎగరాలి. నిలబడినచోటి నుంచి ముందుకు దూకడం ఇందుకు మంచి సాధన.

అపోహ: ఇసుకలో గెంతితే లాభం రెట్టింపు.

వాస్తవం: ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. పాదం నేల తాకగానే సాగిన కండరాలు, స్నాయువులు రబ్బరులా వెనక్కి లాగి శక్తినిస్తాయి. మెత్తటి ఇసుక కుంగిపోవడంతో ఆ శక్తిలో కొంత వృథా అవుతుంది, పాదం నేలమీద ఎక్కువసేపు ఉండిపోతుంది. 2008లో ఫుట్‌బాల్ ఆటగాళ్లపై వెలువడిన అధ్యయనంలో ఇసుక మీద గెంతినవారికి కండరాల నొప్పులు తక్కువగా వచ్చాయి. పరుగు వేగం ఇసుకలోనూ గడ్డిలోనూ మెరుగుపడింది. కానీ కిందికి వంగి అదే ఊపులో పైకి లేచే గెంతు గడ్డి మీదే ఎక్కువ మెరుగైంది.

కొత్తవారు, నొప్పుల నుంచి తేరుకుంటున్నవారు ఇసుకతో మొదలుపెట్టడం మేలు. పరీక్ష దగ్గరపడేకొద్దీ సాధన గట్టి నేలకు మారాలి. లాంగ్ జంప్‌లో ఇసుక ఉండేది దిగడానికే, కాలు తన్ని లేచేది గట్టి పలక మీంచే.