ఒడిలో పాప.. చేతిలో కలం

శ్రీకాళహస్తి: కలంకారీ ఇంట కూర్చుని చేసుకునే పని గనుక పసిబిడ్డల తల్లులకు ఎంతో అనువైనదని పలువురు భావిస్తారు. అది కొంతవరకే నిజం. కరక్కాయ పొడి, గేదె పాలలో నానబెట్టి ఆరవేసిన వస్త్రంపై చింతకొయ్య బొగ్గుతో బొమ్మ ఆనవాలు గీసేటప్పుడు బిడ్డ ఏడిస్తే పని ఆపినా నష్టం లేదు.

అసలు చిక్కు పటిక వద్ద మొదలవుతుంది. ఎరుపు రావలసిన చోట కలంతో పటిక నీరు అద్దుతారు. అది ఆరిన పిదప కంటికి అంతగా ఆనదు. పాకే పసివాడు పటిక తడి అంటిన చేతిని వస్త్రంపై మరోచోట ఆనించినా అప్పటికి తెలియదు. రంగునీటిలో ఉడికించినప్పుడే అది ఎర్రని మరకగా తేలుతుంది. రోజుల తరబడి గీసిన బొమ్మ అంతా ఆ వస్త్రంపైనే ఉంటుంది మరి!

ఉడికించేటప్పుడు వస్త్రాన్ని తిప్పుతూనే ఉండాలి. లేనిచో రంగు సమంగా పట్టదు. మరిగే పాత్ర దరికి బిడ్డను రానీయరాదు. అత్తగారో, అమ్మమ్మో తోడుంటేనే ఆ రోజు పొయ్యి వెలిగేది.

ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల వేతన సెలవు కల్పించింది. అయితే అది సంస్థల్లో ఉద్యోగం చేసేవారికే. ఇంటి వద్ద, చేసిన పని లెక్కన కూలి పుచ్చుకునే కళాకారిణికి కలం పక్కన పెట్టిన నెలల్లో రాబడి ఉండదు. అర్హులకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పునకు అందేది 5,000 రూపాయలు.