ఆర్15కి ఇంట్లోనే ఆయిల్, ఫిల్టర్ మార్చా.. యాప్ చెప్పని విషయాలు ఇవే!

ఇన్నాళ్లూ ఇక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు రివ్యూ చేశాను. ఈసారి రివ్యూ కోసం టేబుల్ మీద ఏమీ లేదు. పలాస దగ్గర మా ఊళ్లో, పెరట్లో జీడిచెట్టు కింద ప్యాడాక్ స్టాండ్ మీద నా యమహా ఆర్15 వీ4 ఉంది. పక్కన మా తమ్ముడు ఫోన్ టార్చ్ పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లోనే ఆయిల్, ఫిల్టర్ మార్చడం ఇది నాలుగోసారి. మొదటిసారి చేసిన తప్పులు మీరు చేయకూడదనే ఈ ఆర్టికల్.

"సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేస్తే అయిపోతుంది కదా బ్రో" అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ని, హైవే మీద ఆ రోజు వచ్చేదాకా.

ఆ రోజు ఏం జరిగిందంటే..

మా నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఉద్దానం వాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మామూలుగా ఆటోలో వెళ్తారు. ఆ ఉదయం ఆటో రాలేదు. ఆర్15 వెనక సీటు ఎంత ఎత్తులో ఉంటుందో తెలుసు కదా, తిట్టుకుంటూనే ఎక్కారు. ఎన్‌హెచ్-16 ఎక్కాక థ్రాటిల్ తిప్పితే ఆర్‌పీఎం పైకి పోతోంది, స్పీడ్ మాత్రం పెరగట్లేదు. ఇంజిన్ అరుస్తోంది, బండి కదలట్లేదు.

"ఏటైనాదిరా? బండి లాగట్లేదేటి?" అని వెనక నుంచి నాన్న.

పక్కకి ఆపి, దారిన పోయే ఆటోని బతిమాలి ఆయన్ని ఎక్కించా. ఆసుపత్రికి ఆలస్యంగా చేరారు. మెషీన్ దొరికింది, ఏం కాలేదు. కానీ ఆ ఆటో కనబడకుండా పోయేదాకా రోడ్డు పక్కన నిలబడ్డ నాకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అంతకు పది రోజుల ముందే ఒక చిన్న షాపులో ఆయిల్ మార్పించా. అప్పుడు స్టేటస్‌లో పెట్టుకోవడానికి తీసిన ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంది. జూమ్ చేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. పోసింది కారు ఆయిల్! తర్వాత నేనే ఫిల్టర్ కవర్ తెరిస్తే లోపల పాత ఫిల్టర్ నల్లగా అలాగే ఉంది. సరైన ఆయిల్ రెండుసార్లు మార్చినా క్లచ్ జారడం పూర్తిగా తగ్గలేదు. చివరికి క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది.

కారు ఆయిల్ ఎందుకు పనికిరాదు?

కారులో ఇంజిన్‌ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. మన బైకుల్లో ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడింటికీ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. దీన్నే వెట్ క్లచ్ అంటారు. మైలేజీ పెరగాలని చాలా కార్ల ఆయిల్స్‌లో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. కారుకి అది మంచిదే. కానీ క్లచ్ పనిచేసేదే రాపిడితో కదా! ప్లేట్లు జారిపోతే ఇంజిన్ బలం చక్రానికి చేరదు. ఆ రోజు నాకు జరిగింది ఇదే.

అందుకే డబ్బా మీద బ్రాండ్ పేరు కన్నా ముందు "జాసో ఎంఏ" లేదా "జాసో ఎంఏ2" అని ఉందో లేదో చూడండి. జాసో అంటే జపాన్ వాళ్ల ఆటోమొబైల్ ప్రమాణాల సంస్థ. వెట్ క్లచ్ బైకులకి ఈ ఆయిల్ సరిపోతుందని ఆ ముద్ర అర్థం. "జాసో ఎంబీ" అని ఉంటే స్కూటర్ల కోసం అన్నమాట, మన గేర్ బండికి వద్దు.

ఇక గ్రేడ్. నా బండికి 10డబ్ల్యూ-40 వాడతా. డబ్ల్యూ అంటే చలికాలం, అంటే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో 10 చెబుతుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎంత చిక్కగా నిలుస్తుందో 40 చెబుతుంది. మీ బండికి ఏది కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని మార్చొద్దు.

ఆర్15 వాళ్లకి ఇంకో మాట. ఇందులో సిలిండర్‌ని డయాసిల్ అనే అల్యూమినియం-సిలికాన్ మిశ్రమంతో చేస్తారు, లోపల ఇనుప లైనర్ ఉండదు. పాత బండ్లలాగా అరిగిపోతే బోరింగ్ చేయించి నడిపేద్దాం అంటే కుదరదు. బ్లాక్ మార్చాల్సిందే. కొన్ని వందల ఆయిల్ దగ్గర కక్కుర్తి పడితే వేలల్లో వదులుతుంది.

యాప్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

2021 సెప్టెంబర్‌లో వచ్చిన వీ4తో వై-కనెక్ట్ యాప్ కూడా పనిచేస్తుంది. బ్లూటూత్‌తో కలిపితే కాల్ అలర్ట్స్, పార్కింగ్ చేసిన చోటు, మెయింటెనెన్స్ రిమైండర్ అన్నీ ఫోన్‌లో కనబడతాయి. బాగుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆయిల్ ఎలా ఉందో చూసి యాప్ చెప్పట్లేదు. మీరు తిరిగిన దూరాన్ని లెక్కపెట్టి చెబుతోంది. లోపల ఉన్నది కారు ఆయిలా, పాత ఫిల్టరా అనేది దానికి తెలీదు. ఆ రోజు కూడా నా యాప్‌లో అంతా పచ్చగానే ఉంది!

ఏమేం కావాలి?

జాసో ఎంఏ2 ఆయిల్ 1 లీటరు, కొత్త ఫిల్టర్, ఫిల్టర్ కవర్ ఓ-రింగులు, డ్రెయిన్ బోల్ట్ వాషర్. ఇవన్నీ కలిపి నాకు ఆరేడు వందల్లో తేలాయి. సాకెట్ సెట్, అలెన్ కీలు, వెడల్పాటి ట్రే, గరాటా, కొలత గీతలున్న మగ్గు, చేతి గ్లోవ్స్ కూడా ఉండాలి. స్పోర్ట్ బైకులకి సెంటర్ స్టాండ్ ఉండదు కాబట్టి వెనక ప్యాడాక్ స్టాండ్ తప్పనిసరి. సైడ్ స్టాండ్ మీద వంచి చేస్తే పాత ఆయిల్ మొత్తం దిగదు.

ఒక్క వస్తువు మీదే ఖర్చు పెట్టగలను అంటే టార్క్ రెంచ్ కొనండి. ఎందుకో కింద చెబుతా.

పని మొదలుపెడదాం

1. ఇంజిన్ మూడు, నాలుగు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ త్వరగా దిగుతుంది. అరగంట తిరిగొచ్చి వెంటనే విప్పొద్దు, సైలెన్సర్ పైపు తగిలితే చెయ్యి కాలిపోతుంది.

2. నేను కుడివైపు కింది ఫెయిరింగ్ విప్పేసి పని చేస్తా. ఫోన్ టియర్‌డౌన్ అలవాటు ఇక్కడ పనికొచ్చింది. తీసిన ప్రతి స్క్రూకీ ఫోటో తీసి, అట్ట మీద బొమ్మ గీసి ఏ చోటుది ఆ చోట పెట్టేశా. ప్లాస్టిక్ క్లిప్పుల్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. మొదటిసారి రెండు విరగ్గొట్టాను. మా ఇసుక నేలలో పడిన క్లిప్ ఇంక దొరకదు కూడా, కింద గోనె పరుచుకోండి.

3. పైన ఆయిల్ పోసే మూత ముందుగా వదులు చేయండి. గాలి పోతే ఆయిల్ ధారగా దిగుతుంది. తర్వాత ఇంజిన్ కింద ట్రే పెట్టి డ్రెయిన్ బోల్ట్ విప్పండి. చివరి చుట్లు చేత్తో తిప్పండి, లేకపోతే బోల్ట్ ట్రేలో పడుతుంది. పది నిమిషాలు వదిలేయండి.

4. ఈ పది నిమిషాల్లో ఆయిల్‌ని చూడండి. నల్లగా ఉందని కంగారు పడొద్దు, మురికిని తనలో కలుపుకోవడం దాని పనే. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లో కూలెంటో కలిసిందని అర్థం. కంటికి కనబడే లోహపు పలుకులు ఉంటే బండిని మెకానిక్‌కి చూపించండి.

5. ఫిల్టర్ కవర్ విప్పండి. పాత ఫిల్టర్‌ లాగేముందు ఏ వైపు బయటికి ఉందో ఫోటో తీయండి. కొత్త ఓ-రింగులకి వేలితో కాస్త ఆయిల్ రాసి కూర్చోబెట్టండి. నేను మొదటిసారి పాత ఓ-రింగే వాడేశా. తెల్లారి చూస్తే బండి కింద అరచేయంత మరక!

6. బిగించేటప్పుడు టార్క్ రెంచ్. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం, బోల్ట్ ఉక్కు. ఎక్కువ బిగిస్తే పోయేది కేసింగ్‌లోని మరలే. ఫిల్టర్ కవర్‌ లాంటి చిన్న బోల్టులకి 10 న్యూటన్ మీటర్లు అంటే ఎంతో తెలుసా? 20 సెంటీమీటర్ల స్పానర్ చివర 5 కిలోల బరువు పెట్టినంత, అంతే. మనం "ఇంకొక్క పట్టు" అని లాగేది దానికి రెండు, మూడు రెట్లు ఉంటుంది. డ్రెయిన్ బోల్ట్‌కి కొత్త వాషర్ వేసి, మాన్యువల్‌లో ఉన్న అంకెకి రెంచ్ సెట్ చేసి టక్ అనగానే ఆపేయండి.

7. ఇప్పుడు కొత్త ఆయిల్. డబ్బాలో లీటరు ఉంది కదా అని మొత్తం పోసేయొద్దు. నా బండికి ఫిల్టర్‌తో కలిపి మారిస్తే 0.95 లీటర్లు, ఫిల్టర్ మార్చకపోతే 0.85 లీటర్లే. అంటే ఫిల్టర్ మార్చకుండా డబ్బా మొత్తం ఒంపేసేవాళ్లు 150 మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తున్నట్టు. ఎక్కువైనా ఇంజిన్‌కి మంచిది కాదు.

8. మూత పెట్టి, రెండు, మూడు నిమిషాలు ఐడిల్‌లో నడపండి. రేస్ చేయొద్దు. బోల్టుల దగ్గర తడి ఉందేమో చూడండి. ఆపి, కాసేపు ఆగి, బండిని ప్యాడాక్ స్టాండ్ నుంచి దించండి. స్టాండ్ మీద వెనక చక్రం ఎత్తుగా ఉంటుంది కాబట్టి అక్కడ లెవెల్ తప్పు చూపిస్తుంది. చదునైన నేల మీద ఎవరైనా బండిని నిటారుగా పట్టుకోవాలి. డిప్‌స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే పెట్టి తీయండి. రెండు గీతల మధ్య ఉంటే సరి. చివర్లో యాప్‌లో ఆయిల్ రిమైండర్ రీసెట్ చేయండి.

మొదటిసారి నాకు రెండున్నర గంటలు పట్టింది. ఇప్పుడు గంటలోపే అయిపోతోంది.

అసలు కష్టం తర్వాత మొదలైంది

ట్రేలో లీటరుకి కాస్త తక్కువ నల్లటి ఆయిల్. దాన్నేం చేయాలి? మా దగ్గర గుంజలకి చెదలు పట్టకుండా పూస్తారు, కొందరు ఏకంగా గట్టు పక్కన ఒంపేస్తారు. నేనూ మొదటిసారి ట్రే ఎత్తుకుని పెరటి చివరికి నడిచా. నుయ్యి అక్కడికి ఇరవై అడుగులు కూడా ఉండదు. అమ్మ వంటింట్లోంచి అరిచింది.

"ఒరే, ఆ నల్లనూనె నూతికాడ పారబొయ్యకురా! మీ నాన్నని సూసి కూడా నీకు తెలీదేటి?"

ట్రే పట్టుకుని అలాగే ఆగిపోయా. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని గట్టిగా తేలలేదు. ఇంజిన్ ఆయిల్ వల్ల వచ్చిందని నేను అనట్లేదు. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టిన ఊళ్లు ఇవి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో ప్రారంభమైతే ఊపిరి పీల్చుకున్న ఊళ్లు. గ్లాసు నీళ్లు తాగేముందు ఇక్కడ అందరూ ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఇసుక నేలలో పోసింది ఏదైనా కిందికి ఇంకిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే లెక్క ఒకటుంది. ఒక్క ఆయిల్ చేంజ్‌లో వచ్చే వాడేసిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదు. అది కారు లెక్క అనుకున్నా, మన లీటరు తక్కువేం కాదు. మన దేశంలో కూడా 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వాడేసిన నూనె వస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యతని తయారీదారుల మీద కూడా పెట్టారు.

నేనేం చేస్తున్నానంటే, కొత్త ఆయిల్ ఖాళీ అయిన డబ్బాలోనే పాతది గరాటాతో పోసి మూత బిగిస్తా. పాత ఫిల్టర్‌ని రాత్రంతా ట్రేలో ఒంపుగా పెట్టి, కారాక కవర్లో చుడతా. పలాస వెళ్లినప్పుడు పాత ఆయిల్‌ డ్రమ్ములో పోయించుకునే వర్క్‌షాప్‌లో ఇచ్చేస్తా. మొదటిసారి అడిగినప్పుడు "డబ్బులేం ఇవ్వం తమ్ముడూ" అన్నారు. అక్కర్లేదన్నా అన్నా. నీళ్లు, పెట్రోల్ లాంటివి అందులో కలపొద్దు, రీసైక్లింగ్‌కి పనికిరాకుండా పోతుంది. పాత డబ్బా ఊరికే పారేసేముందు లేబుల్ కోసేయడం కూడా మంచిది, నకిలీ ఆయిల్ నింపేవాళ్లకి అలాంటి డబ్బాలే కావాలి.

తీర్పు

బాగున్నవి: లోపల ఏ ఆయిల్ ఉందో, ఏ ఫిల్టర్ ఉందో మీకు కచ్చితంగా తెలుస్తుంది. లేబర్ ఖర్చు మిగులుతుంది. బండిలో చిన్న లీకు, వదులైన బోల్ట్ ముందే కంటపడతాయి.

బాగోలేనివి: టార్క్ రెంచ్, ప్యాడాక్ స్టాండ్ ఖర్చు మొదట భారంగా అనిపిస్తుంది. మేమైతే ముగ్గురు స్నేహితులం కలిసి కొనుక్కున్నాం. వారంటీలో ఉన్న బండైతే సర్వీస్ షరతులు చదివాకే ముట్టుకోండి.

ఎవరికి వద్దు: పాత ఆయిల్ ఎక్కడ ఇవ్వాలో ముందే చూసుకోని వాళ్లకి. ఆ ఏర్పాటు చేసుకున్నాకే బోల్ట్ మీద చెయ్యి వేయండి.

నాన్న ఇప్పటికీ ఆటోలోనే వెళ్తున్నారు. కానీ మొన్న ఆటో మళ్లీ రాలేదు. బండి తీశా. హైవే ఎక్కాక థ్రాటిల్ తిప్పితే ఆర్‌పీఎంతో పాటు స్పీడూ పెరిగింది. వెనక నుంచి ఒకటే మాట: "మెల్లగా పోనీరా, ఈ సీటు కట్టినోడెవడో గానీ.."