తేనె రంగు పెన్నులో గాలి లెక్క

‘పొద్దుగాల మంచిగనే రాసింది సార్. మధ్యాహ్నం అయ్యేసరికి జేబంతా ఇంకే. పెన్ను పలిగిందా?’

మా గోదావరిఖని బడిలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. పెన్ను పగల్లేదు. అందులో ఇంకు అడుగంటింది, అందుకే కారింది. ఆ మాట చెప్పగానే క్లాసంతా నవ్వింది. ఇంకు తక్కువున్నప్పుడు ఎక్కువ కారడమేమిటని వాళ్ల అనుమానం. పారదర్శకమైన గొట్టాల పెన్నుల మీద నాకున్న పిచ్చికి మూలం ఈ విడ్డూరమే. ఏ రంగు గొట్టం కొనాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలోకి ఇంకు పోసుకునే పెన్నునే తీసుకుందాం. లోపల రబ్బరు తిత్తి లేదు, ముషలకం (పిస్టన్) లేదు. గొట్టమే సిరాబుడ్డి. దాన్ని తలకిందులు చేసి రాస్తున్నా ఇంకు ధారగా పడదు. పాళీ కింద ఉండే ఫీడ్ అనే నల్లటి ముక్కలో వెంట్రుకంత సన్నటి చీలికలుంటాయి. కేశనాళికత వల్ల ఇంకు ఆ చీలికల్ని పట్టుకుని వేలాడుతుంది. పాళీ కాగితాన్ని తాకినప్పుడు కాస్త ఇంకు బయటికి పోతుంది. ఆ ఖాళీలోకి బయటి గాలి చిన్న బుడగగా లోపలికి ఎక్కుతుంది. ఇంకు దిగాలంటే గాలి ఎక్కాలి. న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన పెన్ను కిటుకు ఇదే. ఇన్సూరెన్సు ఒప్పందం మీద ఇంకు మరక పడి బేరం పోయినందుకే ఆయన ఈ పెన్ను కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నాకైతే అది ప్రకటనలు రాసేవాళ్లు తర్వాత అల్లినట్టే అనిపిస్తుంది.

గొట్టం లోపల ఇంకు పైన చిక్కుకున్న గాలి పీడనం బయటి గాలి కంటే రవ్వంత తక్కువ. ఇంకును పైకి నిలబెట్టేది ఆ రవ్వంత తేడాయే. చేతి వెచ్చదనం తగిలితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. తేడా చెరిగిపోతుంది, గాలి ఇంకును కిందికి తోస్తుంది. మనవాళ్లు ‘పెన్ను కక్కింది’ అనేది దీన్నే.

ఇప్పుడు లెక్క చూద్దాం. గొట్టంలో 3 మిల్లీలీటర్లు పడతాయనుకోండి. 27 డిగ్రీల దగ్గరున్న గాలిని 37 డిగ్రీలకు వేడిచేస్తే అది ముప్పయ్యో వంతు పెరుగుతుంది. పెన్ను దాదాపు నిండుగా ఉండి గాలి అర మిల్లీలీటరే ఉంటే, బయటికి నెట్టబడే ఇంకు 0.017 మిల్లీలీటరు. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు కాబట్టి అది చుక్కలో మూడో వంతు. ఫీడ్ దాన్ని తేలిగ్గా దాచుకుంటుంది. అదే పెన్ను ఖాళీ అవుతూ గాలి రెండున్నర మిల్లీలీటర్లకు చేరితే? 0.08 మిల్లీలీటరు, అంటే చుక్కన్నర దాటింది. పైగా లోపలున్నది పొడి గాలి కాదు. ఇంకులోని నీరు ఆవిరై అందులో కలుస్తుంది, వేడి పెరిగితే ఆ ఆవిరీ పెరుగుతుంది. దాన్ని కూడా కలిపితే వ్యాకోచం దాదాపు రెట్టింపై, మూడు చుక్కలు బయటికి వస్తాయి. జేబు పాడవడానికి మూడు చుక్కలు చాలు.

ఇంకు మామూలు ద్రవం, దాని వ్యాకోచం లెక్కలోకి రాదు. అల్లరంతా గాలిదే. పెన్నులో ఎంత ఇంకుందని కాదు, ఎంత గాలి ఉందని చూసుకోవాలి.

మా రామగుండం ప్రాంతంలో ఈ లెక్కకు బలమెక్కువ. వేసవిలో ఏసీ గదిలోంచి 44, 45 డిగ్రీల ఎండలోకి వస్తే ఒక్క అడుగులో ఇరవై డిగ్రీల తేడా. (45 డిగ్రీల నీడలో పడి ఉన్న పెన్నుకు మన చెయ్యే చలువ! అప్పుడు అది కక్కదు, గాలి పీలుస్తుంది.) ఇక్కడి బొగ్గు గనిలో షిఫ్టు రిపోర్టులు రాసే పర్యవేక్షకులు, అంటే ఓవర్‌మన్‌లూ సర్దార్లూ, బాల్‌పెన్నుకు మళ్లారంటే తప్పుపట్టలేను.

వాటర్‌మన్ కంపెనీ 1899లో ఫీడ్ పక్కన చిన్న జేబులు చెక్కింది. పొంగిన ఇంకు వాటిలో ఆగుతుంది, చల్లబడగానే వెనక్కి పోతుంది. నేటి ఫీడ్‌ల మీద దువ్వెన పళ్లలా కనిపించే సన్నటి గాడులు చేసేదీ అదే పని. నాకు పెన్ను మొత్తంలో అత్యంత ఇష్టమైన భాగం అదే. కానీ ఆ గాడులకూ ఒక హద్దుంది. ఆ హద్దు దగ్గరపడిందని ముందే తెలియాలంటే లోపల చూడగలగాలి.

మన తెలుగునాట మేటి పెన్నుల్లో ఆ వీలుండేది కాదు. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం తయారుచేసిన స్వదేశీ పెన్ను గాంధేయ ఆర్థికవేత్త కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది, 1935లో ఆయన మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఊరికి పేరు తెచ్చిన పెన్నులు లేతు మీద చెక్కిన ఎబొనైటువి. రబ్బరుకు గంధకం దండిగా కలిపి ఉడికిస్తే వచ్చే ఆ గట్టి పదార్థంలోంచి వెలుగు దూరదు. ఎబొనైటు వేడెక్కదని అభిమానులు వాదిస్తారు. నిజానికి వేడిని ఆపడంలో దానికీ యాక్రిలిక్‌కీ పెద్ద తేడా లేదు. గొట్టం మందంగా చెక్కడమే దాని బలం. ఇంకు ఎంతుందో తెలియాలంటే మాత్రం చెవి దగ్గర పెట్టి ఊపడమే గతి.

బయటి దేశాల్లో ఇదే విషయం మీద పోటీ నడిచింది. జర్మనీలో పెలికాన్ 1929లో ముషలకంతో ఇంకు పీల్చే పెన్ను తెచ్చింది. థియోడోర్ కోవాచ్ అనే ఇంజనీరు రూపకల్పన అది. దాని గొట్టంలో ఇంకు కనబడే కిటికీ ఉంటుంది. అమెరికాలో పార్కర్ 1933 నాటి వాక్యుమాటిక్‌లో సెల్యులాయిడ్ వలయాల్ని ఒకటి మెరిసేది, ఒకటి పారదర్శకమైనదిగా పేర్చింది. దూరం నుంచి చూస్తే నగిషీ, వెలుగుకు పట్టుకుంటే ఇంకు మట్టం! నా ఓటు పార్కర్‌కే, ఆ కిటికీలు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగినా సరే. తర్వాత యాక్రిలిక్‌లూ పాలికార్బొనేట్‌లూ వచ్చాయి, బాల్‌పెన్ను వచ్చి అందర్నీ పక్కకు నెట్టింది, ఇప్పుడు పారదర్శక గొట్టాలు సరదా కొద్దీ మళ్లీ అమ్ముడవుతున్నాయి.

ఇక రంగు సంగతి. రంగులేని గొట్టంలో ఒక చక్కని వింత ఉంది. యాక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49, నీటిది 1.33, గాలిది 1. గొట్టం లోపలి గోడకు గాలి తగిలినచోట పడిన వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి వస్తుంది. ఇంకు తగిలినచోట 0.3 శాతమే. అందుకే ఖాళీ భాగం కాస్త వెండిలా, గీతలన్నీ కనిపిస్తూ ఉంటుంది. ఇంకున్న భాగం గీతలు మాయమై నున్నగా ఉంటుంది. మట్టం స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే ఎర్ర ఇంకు మరకలు పడితే దాచుకోవడానికి చోటుండదు.

నీలి గొట్టంలో నీలి ఇంకు పోస్తే రెండూ నీలి వెలుగునే వదులుతాయి, మట్టం వెతుక్కోవాలి. మాలాంటి పంతుళ్లు ఎర్ర ఇంకును ఎర్ర గొట్టంలో పోస్తే అదే తిప్పలు. అదే ఎర్ర ఇంకు ఆకుపచ్చ గొట్టంలో నల్లగా కనిపిస్తుంది. ఆకుపచ్చ ఇంకుతో సంతకాలు చేసే గెజిటెడ్ అధికారులకు ఎర్ర గొట్టం నప్పుతుంది. పొగ రంగు చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ అన్నిటినీ మసకబారుస్తుంది.

తేనె రంగు నీలి వెలుగును మింగేస్తుంది. అందులో నీలి ఇంకు దాదాపు నల్లటి స్తంభంలా నిలుస్తుంది, పైన గాలి బంగారు రంగులో మెరుస్తుంది. ఎండకు త్వరగా వెలిసిపోయే ఇంకులకు ఇంకో లాభం: ఎక్కువ హాని చేసే ఊదా, నీలి వెలుగును ఈ గొట్టం చాలావరకు ఆపుతుంది. మందుల సీసాలు గోధుమరంగులో ఉండేది ఇందుకే.

కాబట్టి నీలి ఇంకు రాసేవాళ్లకు నా సలహా తేనె రంగే. ఏ రంగు కొన్నా మట్టం సగానికి దిగగానే నింపండి, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి, ఎండలోంచి వచ్చాక మూత విప్పేటప్పుడు కూడా పాళీ పైకే ఉంచండి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు మాత్రం ఏ రంగు గొట్టంలోనూ పోయకండి. అందులోని మసి ఫీడ్ చీలికల్లో గట్టిపడితే ఆ పెన్ను ఇక రాయదు.