గాదెలో ధాన్యం చల్లగా, పొడిగా ఉంటేనే నిల్వకు భద్రత

ఆరుగాలం శ్రమించి పండించిన ధాన్యం ఇంటికి చేరిన తరువాత కూడా రైతుకు పరీక్ష ముగియదు. గిట్టుబాటు ధర కోసమో, తిండి గింజల కోసమో, విత్తనం కోసమో నిల్వ చేసిన వడ్లు నాలుగు నెలల్లో బూజు పట్టి, రంగు మారి, ముక్కిపోతే కోత నాటి శ్రమ అంతా వృథా అవుతుంది. ఈ నష్టానికి పురుగు కన్నా ముందు కారణాలు రెండు: తేమ, వేడి.

కొనుగోలు కేంద్రాలలో వడ్లకు అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. ఇది కొనుగోలుకు విధించిన పరిమితి మాత్రమే, నిల్వకు కాదు. క్షేత్రస్థాయిలో ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచు జరుగుతున్నది. నెలల తరబడి గాదెలో ఉంచదలచిన వడ్లలో తేమ 14 శాతానికి మించరాదు. విత్తనానికి 12, 13 శాతం మేలు. అపరాలను ఇంకా ఎక్కువగా, 9, 10 శాతం వరకు ఆరబెట్టవలసి ఉంటుంది.

ఆరబెడితే తూకం తగ్గుతుందన్న రైతుల వెనుకంజ నిరాధారం కాదు. 17 శాతం తేమ గల క్వింటాలు వడ్లలో 83 కిలోలే పొడి పదార్థం. తేమను 14 శాతానికి దించితే ఆ బస్తా 96.5 కిలోలు తూగుతుంది. తగ్గిన మూడున్నర కిలోలు నీరే అయినా, అమ్మకంలో అది సొమ్మే. వెంటనే అమ్మేవారికి ఈ లెక్క వర్తిస్తుంది. నిల్వ చేసేవారికి మాత్రం ఆ నీరే శత్రువు.

గింజకు ప్రాణం ఉంది. అది శ్వాసిస్తూ వేడిని, నీటి ఆవిరిని విడుదల చేస్తుంది. తేమ పెరిగిన కొద్దీ శ్వాసక్రియ హెచ్చి, ఆ వేడికి బూజు, ముక్కు పురుగు, వడ్ల చిలక వృద్ధి చెందుతాయి. పురుగులకు 25 నుంచి 35 డిగ్రీల వేడి అత్యంత అనుకూలం. ధాన్యపు రాశి వేడిని సులభంగా బయటకు పోనీయదు గనుక మధ్యలో రాశి కాగుతున్నా గాదె గోడను తాకితే తెలియదు. పొడవైన ఇనుప ఊచను రాశిలోకి దించి, కొంతసేపు ఉంచి, పైకి తీసి చేతితో తాకి చూడటం పాత పద్ధతే అయినా నమ్మదగినది.

రబీ వడ్లను మే నెల ఎండలో ఆరబోసి, వేడిగా ఉండగానే రేకు గాదెలో నింపడం పెద్ద పొరపాటు. చలికాలపు రాత్రుల్లో రేకు చల్లబడుతుంది. గోడల వెంబడి గాలి కిందికి దిగి, మధ్యలోని వెచ్చని గాలి తేమను మోసుకుంటూ పైకి చేరి, చల్లని పై పొర వద్ద నీరుగా మారుతుంది. అందుకే బాగా ఎండిన ధాన్యంలో సైతం మూత కింది భాగమే మొదట బూజు పడుతుంది. ఆరిన వడ్లను రాత్రంతా చల్లారనిచ్చి, ఉదయం మంచు తేమ సోకకముందే గాదెకెత్తాలి. రేకు గాదెను నీడలో, నేలకు ఎత్తుగా ఉంచాలి. బస్తాలనైతే చెక్క బల్లలపై, గోడకు ఒకటిన్నర అడుగు ఎడంగా పేర్చాలి.

తారు రోడ్లపై పలుచగా పోసి మండుటెండలో ఆరబెడితే గింజ లోలోపల పగిలి, మిల్లులో నూకగా మారుతుంది. నీడ పట్టున, తరచు కలియదిప్పుతూ ఆరబెట్టడం నెమ్మదైనా మేలు.

తేమ కొలిచే యంత్రం లేనిచోట పొడి గాజు సీసాలో గుప్పెడు వడ్లు, కొంచెం పొడి ఉప్పు వేసి బాగా కుదిపి, కొద్ది నిమిషాలు ఆగి చూడవచ్చు. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్లే.

పూర్వపు గాదెలు, గుమ్ములు రాతి దిమ్మెలపై నిలిచేవి. జొన్నలకు తవ్విన పాతరలు చల్లదనాన్ని, గాలి చొరబడని మూతను ఇచ్చేవి. అయితే నేల ఊట చేరితే పాతర మొత్తం పాడయ్యేది.

వానాకాలంలో ముసురు పట్టిన రోజున గాలి కోసమని మూత తెరిస్తే బయటి తేమ లోనికి చేరుతుంది. గాలి పొడిగా, ధాన్యం కంటే చల్లగా ఉన్న వేళే గాలి పట్టించాలి. పురుగు కనబడిన పిదప అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను నివాస గృహాలలో వాడరాదు. వాటి నుంచి వెలువడే వాయువు ప్రాణాంతకమైనందున నిపుణుల పర్యవేక్షణలో, అనుమతి పొందిన వారే వాటిని వాడాలని నిబంధన ఉన్నది.