ఇంట్లో దీపాలు ఎక్కడ ఉండాలి?

ఇల్లు కట్టించుకునేటప్పుడు వాస్తు చూపిస్తాం, గుమ్మాలకు టేకు కావాలంటాం, నేలకు ఏ రాయి వేయించాలా అని ఊరంతా తిరుగుతాం. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి "లైటు పాయింట్లు ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగితే మాత్రం, "గదికో ట్యూబులైటు, మధ్యన ఒక బల్బు పెట్టెయ్" అని అరనిమిషంలో తేల్చేస్తాం. ఆ అరనిమిషపు నిర్ణయం ఫలితాన్ని ఇంటిల్లిపాదీ పాతికేళ్ళు అనుభవిస్తారు. సాయంత్రం పుస్తకం పట్టిన పిల్లవాడికి తలనొప్పి, కూర తరిగే ఇల్లాలికి వేలు తెగడం, రాత్రివేళ లేచిన పెద్దావిడ గడప తట్టుకుని పడడం, ఇంటాయనకు నిద్ర పట్టకపోవడం - వీటికి మందుల షాపులో మందు వెతుకుతాం గాని, ఒకసారి తలెత్తి దీపంకేసి చూడం. దీపం ఎక్కడుంది, ఎంత వెలుగిస్తోంది, ఎటువంటి వెలుగిస్తోంది - ఈ మూడు సంగతులు గమనించుకుంటే ఇటువంటి ఇబ్బందులు కొన్నయినా తప్పుతాయి.

కంటికి ఎంత వెలుగు కావాలి?

"మసక వెలుతురులో చదివితే కళ్ళు పోతాయి" అని పెద్దలు కోప్పడుతుంటారు. నిజానికి అందువల్ల చూపు శాశ్వతంగా పాడవదు. కళ్ళు లాగుతాయి, నీరు కారతాయి, తల నొస్తుంది; విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటాయి. కాని రోజూ అదే అవస్థ పడుతూ ఉంటే చదువుమీద, పనిమీద విసుగు పుట్టడం ఖాయం.

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. కొవ్వొత్తికి మీటరు దూరంలో పట్టుకున్న కాగితం మీద పడే వెలుగు సుమారు 1 లక్స్. మిట్టమధ్యాహ్నం ఆరుబయట అది లక్ష దాకా ఉంటుంది. చదువుకు, రాతకు 300 నుంచి 500 లక్స్‌లు ఉంటే హాయిగా ఉంటుంది. సన్నని కుట్టుపనికి ఇంకా ఎక్కువ కావాలి.

ఇక్కడ వయస్సు సంగతి మరచిపోకూడదు. ఏళ్ళు గడిచేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి కంటి లోపలి తెరను చేరే వెలుతురులో సుమారు మూడోవంతే అరవై ఏళ్ళ మనిషికి చేరుతుంది. "ఈ లైటు చాలడం లేదర్రా" అని తాతగారంటే చాదస్తమని కొట్టిపారేయకండి. ఆయన చెబుతున్నది అక్షరాలా నిజం.

చదువుకునే బల్ల

బల్బు నుంచి దూరం రెట్టింపయితే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కప్పుకున్న బల్బు పుస్తకానికి 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అదే బల్బును అర మీటరు దూరానికి తెస్తే సుమారు పదహారు రెట్లు వెలుగు పడుతుంది. అంచేత పెద్ద బల్బు కొనడం కంటే దీపాన్ని పనికి దగ్గరగా తేవడం మేలు. చదివే పిల్లలకు షేడు ఉన్న బల్లదీపం కొనిపెట్టండి. కుడిచేత్తో రాసేవారికి ఎడమపక్కన, ఎడమచేత్తో రాసేవారికి కుడిపక్కన ఉంచితే చేతి నీడ అక్షరాలమీద పడదు. బల్బు కంటికి నేరుగా కనిపించకూడదు. గది మొత్తం చీకటిగా ఉంచి బల్లదీపం ఒక్కటే వెలిగించడం కూడా మంచిది కాదు. పుస్తకం మీదినుంచి చూపు మరల్చినప్పుడల్లా కన్ను చీకటికి, వెలుగుకు మళ్ళీ మళ్ళీ సర్దుకోవలసి వస్తుంది.

ఎంత మంచి దీపం పెట్టినా అది పగటి వెలుగుకు సాటిరాదు. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి తక్కువగా వస్తున్నట్టు పరిశోధనల్లో తేలింది. తైవాన్ దేశంలో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట గడిపేలా ప్రోత్సహించారు. మన పిల్లలను కూడా సాయంత్రం కాసేపు ఆటలకు వదలండి. దీపాలకు పెట్టే ఖర్చు కంటే ఇది చవక.

వంటింట్లో నీడ

మన వంటిళ్ళలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. ట్యూబులైటు వెనక గోడకు ఉంటుంది, గట్టు ఎదుటి గోడవైపు ఉంటుంది. నిలబడి వంటచేసే మనిషి నీడ కత్తిపీట మీద, బియ్యపు చేట మీద పడుతుంది. వేళ్ళు తెగేదీ, రాళ్ళు కళ్ళబడనిదీ ఇందుకే. గట్టుకు పైన ఉన్న అల్మరా అడుగుభాగాన, ముందు అంచుకు దగ్గరగా, ఒక చిన్న ఎల్.ఇ.డి. పట్టీ దీపం బిగిస్తే నీడ సమస్య తీరిపోతుంది. పొయ్యి మంటకు, ఆవిరికి తగలని చోటు చూసుకోండి. వంటింటి దీపాలకు నూనెజిడ్డు, దుమ్ము పట్టి వెలుగు క్రమంగా తగ్గిపోతుంది. నెలకొకసారి స్విచ్చి ఆపి, చల్లారనిచ్చి, పొడిగుడ్డతో తుడవండి.

మందులు వేసుకునే చోట కూడా మంచి వెలుతురు ఉండి తీరాలి. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ సిరంజి మీది సన్నగీతలను గుడ్డిదీపం దగ్గర చూస్తే మోతాదు తప్పవచ్చు. రెండు రకాల మాత్రల అట్టలు ఒకేలా కనబడవచ్చు. మందుల డబ్బాను దీపం ఉన్న చోటికి మార్చండి.

రాత్రిపూట పడిపోకుండా

పెద్దవయస్సులో తుంటి ఎముక విరిగితే అది ఒక్క ఎముకతో పోయే బాధ కాదు. ఆపరేషన్, నెలల తరబడి మంచం, ఒంటరిగా నడవలేకపోవడం - కొందరు మళ్ళీ కోలుకోనే కోలుకోరు. అటువంటి ప్రమాదాలు కొన్ని పడక గదికీ బాత్రూముకీ మధ్య పది అడుగుల దూరంలోనే జరుగుతాయి.

వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను పూర్తిగా అలవాటు పడడానికి సుమారు అరగంట పడుతుంది. పెద్దవారికి ఇంకా ఆలస్యమవుతుంది. బాత్రూములో కళ్ళు జిగేల్‌మనే లైటు వేసుకుని, ఆర్పేసి, చీకటి వసారాలోకి అడుగుపెట్టినప్పుడు వారికి దాదాపు ఏమీ కనిపించదు. అందుకని దారి పొడుగునా, నేలకు జానెడు ఎత్తున, పసుపు రంగు చిన్న దీపాలు అమర్చండి. అవి పాదాలకు దారి చూపిస్తాయి, నిద్ర చెడగొట్టవు. మంచం మీద పడుకునే అందుకోగలిగేలా ఒక స్విచ్చి ఉండాలి. మేడమెట్లకు పైన ఒకటి, కింద ఒకటి స్విచ్చి ఉండేలా టూవే పద్ధతిలో వైరింగు చేయించండి. మెట్టు అంచు స్పష్టంగా కనబడేలా వేరే రంగు గీత గీయించడం కూడా మంచిదే. కరెంటు పోయినా వెలిగే ఛార్జింగు బల్బు ఒకటి మెట్ల దగ్గర, ఒకటి బాత్రూములో పెట్టండి. తలగడ పక్కన టార్చిలైటు ఉంచండి. దోమతెర దగ్గర కొవ్వొత్తి మాత్రం వద్దు.

బాత్రూములో ఆవిరికి, నీటి తుంపరలకు తట్టుకునే మూతదీపమే వాడాలి. స్విచ్చి తలుపు బయట ఉండాలి. గడ్డం గీసుకునే అద్దానికి పైన ఒకే దీపం ఉంటే గడ్డం కింద నీడ పడుతుంది. అద్దానికి రెండు పక్కలా ఉంటే ముఖమంతా సమంగా కనబడుతుంది.

పడక గది, నిద్ర

కంటిలో చూపుకు పనికివచ్చే కణాలే కాక, పగలో రాత్రో మెదడుకు కబురు చెప్పే కణాలు వేరే ఉన్నాయని 2002లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఈ కణాలు నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. రాత్రివేళ ఆ వెలుగు పడితే నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఊరడం తగ్గుతుంది. తెల్లని ఎల్.ఇ.డి. దీపం చాలావరకు నీలి దీపానికి పసుపు పూత వేసి చేసిందే. ఆ నీలి దీపాన్ని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. కరెంటు ఆదాకు అది గొప్ప వరం. కాని పడక గదిలో తెల్లటి జిగేలు దీపం పడుకునే దాకా వెలుగుతూ ఉంటే నిద్ర ఆలస్యమవుతుంది. అక్కడ పసుపు ఛాయ దీపం వాడండి. పడుకున్నవారి కళ్ళలోకి నేరుగా వెలుగు పడే కప్పుదీపాలు అందంగా ఉన్నా హాయినివ్వవు. సెల్‌ఫోను వెలుగు కూడా వెలుగే అని వేరే చెప్పనక్కరలేదు.

పసిపిల్లల గదిలో బెడ్‌లైటు వేస్తే కళ్ళజోడు వస్తుందని కొందరు తల్లులు భయపడుతుంటారు. 1999లో ఒక అమెరికన్ పరిశోధన అటువంటి అనుమానం రేకెత్తించిన మాట నిజం. మరుసటి ఏడే, 2000లో, ఇతర పరిశోధకులు పరిశీలించి అటువంటి సంబంధం కనబడలేదని చెప్పారు. హ్రస్వదృష్టి ఉన్న తల్లిదండ్రులు బెడ్‌లైటు ఎక్కువగా వాడడం, ఆ దృష్టి పిల్లలకు వంశపారంపర్యంగా రావడం దీనికి కారణం కావచ్చు. కాబట్టి పాలివ్వడానికి చిన్న దీపం ఉంచుకోవచ్చు.

కొనేటప్పుడు చూడవలసినవి

ఇదివరకు "అరవై బల్బు, వంద బల్బు" అని వాట్లు చెప్పి కొనేవాళ్ళం. వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి, వెలుగును కాదు. వెలుగుకు కొలత ల్యూమెన్లు. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పటి 9 వాట్ల ఎల్.ఇ.డి. 800 నుంచి 900 దాకా ఇస్తుంది. వెలుగు రంగును కెల్విన్లలో రాస్తారు. 2700 - 3000 అంటే పసుపు ఛాయ. పడక గదికి, హాలుకు బాగుంటుంది. 4000 వంటింటికి, చదువుకు తగినది. 6500 అంటే నీలం కలిసిన తెలుపు. అట్టపెట్టె మీద రంగుల నాణ్యత అంకె 80 కి తగ్గకుండా చూడండి. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్నదే కొనండి. కొన్ని చవక దీపాలు కంటికి తెలియకుండా అదురుతుంటాయి; అందువల్ల కొందరికి తలనొప్పి వస్తుంది. దుకాణంలోనే దీపం కింద పెన్సిలును గబగబా ఆడించి చూడండి. ఒక పెన్సిలు విడివిడిగా పది పెన్సిళ్ళలా కనబడితే ఆ దీపం వద్దు.

దీపం తప్పు కానప్పుడు

ఇంట్లో మిగతావారికి చాలిన వెలుగు ఒకరికే చాలకపోతే బల్బులు మార్చుకుంటూ కాలం గడపవద్దు. దీపం చెదిరినట్టు, ఎదుటి వాహనాల లైట్లు భరించలేనట్టు ఉంటే శుక్లం మొదలయి ఉండవచ్చు. శుక్లానికి ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది. దీపం చుట్టూ ఇంద్రధనుస్సులా వలయాలు కనబడి, కంటినొప్పి, వాంతులు కూడా ఉంటే అది నీటికాసుల జబ్బు కావచ్చు. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. ఆలస్యమయితే పోయిన చూపు తిరిగి రాదు. సందెవేళ నడవలేక పిల్లలు తడుముకుంటుంటే రేచీకటి ఉందేమో పరీక్ష చేయించండి.

ఈ రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కసారి మీరు మంచం దిగి, లైటు వేయకుండా బాత్రూము దాకా నడిచి చూడండి. ఎక్కడ చెయ్యి గోడను తడుముతుందో అక్కడ ఒక చిన్న దీపం కావాలన్నమాట. రేపు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కు కబురు పంపండి.