పోషక ప్రచురణలో సాహస కథనాలు: ‘ఓపెన్ డిజైన్’ నమూనా – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల కోసం రాసే సాహస కథనాలకు పాఠకులే ముందుగా ధనం సమకూర్చి, రచనాక్రమంలోనూ పాలుపంచుకునే ప్రచురణ విధానం 2006లో అమెరికాలో ‘ఓపెన్ డిజైన్’ పేరుతో మొదలైంది. అది ఏ అవసరం నుంచి పుట్టింది, ఎలా పనిచేసింది, పోషకుల సంఖ్య పెరిగినప్పుడు వారి పాత్ర ఎలా మారింది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పోషకుడు, కృతిభర్త, సాహస కథనం, ముందస్తు చెల్లింపు, ఓపెన్ డిజైన్, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సాహిత్య విద్యార్థులకు ‘కృతిభర్త’ అనే మాట సుపరిచితం. రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నాడు. కావ్యం పుట్టకముందే దానికి పోషకుడు ఉండడం, ఏ కథ కావాలో అతడే కోరడం ఈ సంబంధంలోని ప్రధానాంశాలు. ముద్రణాయుగంలో ఏకైక పోషకుని స్థానంలోకి చందాదారులు వచ్చారు. అలెగ్జాండర్ పోప్ చేసిన ‘ఇలియడ్’ ఆంగ్లానువాదం (1715–1720) చందాదారుల ఆదరణతోనే వెలువడింది. చందాదారుడు ధనమిచ్చాడు, పుస్తకం అందుకున్నాడు. రచన ఎలా సాగాలో చెప్పే అధికారం మాత్రం అతనికి లేదు. కృతిభర్తకున్న కోరే హక్కు, చందాదారులకున్న సంఖ్యాబలం ఒకేచోట కలిసిన సందర్భంగా ఓపెన్ డిజైన్‌ను పరిశీలించవచ్చు.

2. సాహస కథనం – మార్కెట్ పరిమితులు:
గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డన్జియన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. ఈ తరహా ఆటలో కొందరు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెబుతారు. వారిలో ఒకరు నిర్వాహకుడు. ఊళ్లు, అడవులు, శత్రువులు, దారిలో ఎదురయ్యే మనుషులు అన్నీ అతని మాటల ద్వారానే మిగిలినవారికి తెలుస్తాయి. అతనికి ఆధారంగా ఉండే గ్రంథమే సాహస కథనం. అందులో పటాలు, స్థలవర్ణనలు, పాత్రల స్వభావాలు, ప్రమాదాలు ఉంటాయి. కథ ఏ దారిన నడిచి ఎలా ముగుస్తుందో ఆటగాళ్ల నిర్ణయాలను బట్టి తేలుతుంది.

ఈ స్వభావమే దాని అమ్మకాలకు ప్రతిబంధకం. నియమాల పుస్తకం బల్ల చుట్టూ ఉన్న అందరికీ పనికివస్తుంది. సాహస కథనం నిర్వాహకుడికి మాత్రమే అవసరం. ఆటగాళ్లు దాన్ని ముందే చదివితే ఆటలోని ఉత్కంఠ పోతుంది. కనుక అయిదారుగురు ఆడే చోట కొనేది ఒక్కరే. 2000లో వచ్చిన ‘ఓపెన్ గేమ్ లైసెన్స్’ వల్ల ఈ ఆట నియమాలకు అనుగుణమైన పుస్తకాలను ఇతర ప్రచురణకర్తలూ వెలువరించే వీలు కలిగింది. పుస్తకాలు విస్తారంగా వచ్చాయి. 2003లో నియమాలను సవరించడంతో అప్పటికే ముద్రించిన వాటికి గిరాకీ తగ్గింది. అమ్మకంపై భరోసా లేకుండా సాహస కథనాన్ని అచ్చువేయడం చిన్న ప్రచురణకర్తకు భారమైంది.

3. ఓపెన్ డిజైన్ పనితీరు:
వోల్ఫ్‌గాంగ్ బౌర్ అంతకుముందు టీఎస్ఆర్ సంస్థలో పనిచేసిన రచయిత, సంపాదకుడు. 2006లో ఆయన వ్యవహార క్రమాన్ని తలకిందులు చేశారు. ముందు పుస్తకం, తరువాత కొనుగోలుదారు అనే వరుసకు బదులు ముందు పోషకులు, తరువాత పుస్తకం అన్నారు. రాయదలచిన కథనాన్ని ప్రకటించి, నిర్ణీత ధనం సమకూరాకే రచన ప్రారంభించేవారు. తొలి కథనం ‘స్టీమ్ అండ్ బ్రాస్’. ‘క్యాసిల్ షాడోక్రాగ్’, ‘ఎంపైర్ ఆఫ్ ది గూల్స్’ ఆ తరువాత వచ్చాయి.

పోషకులకు లభించినవి ప్రధానంగా మూడు. మొదటిది అభిప్రాయ హక్కు. ఏ ఇతివృత్తం ఎంచుకోవాలి, ఏ అంశాన్ని విస్తరించాలి అనే విషయాలపై వారు చర్చించేవారు, ఓటు వేసేవారు. రెండవది శిక్షణ. రచయిత తన నిర్ణయాల వెనుక ఉన్న కారణాలను వ్యాసాలుగా రాసి వారికి అందించేవారు. అటువంటి వ్యాసాలే తరువాత ఆటల రూపకల్పనపై కోబోల్డ్ గైడ్ సంపుటాలకు మూలమయ్యాయి. మూడవది ప్రత్యేకత. తొలి కథనాలు పోషకులకు తప్ప ఇతరులకు దొరికేవి కావు.

తుది నిర్ణయం మాత్రం రచయితదే. ఓటింగు ద్వారా దిశ తేలినా వాక్యం రాసేది, పొందిక చూసేది ఒక్కరే. సమష్టి సూచన, ఏకవ్యక్తి బాధ్యత అనే ఈ విభజన వల్లనే పుస్తకాలు చెల్లాచెదురు కాకుండా నిలిచాయి.

4. సమకాలీన నమూనాలతో పోలిక:
జాన్ కెల్సీ, బ్రూస్ ష్నయర్ 1999లో ‘స్ట్రీట్ పెర్ఫార్మర్ ప్రొటోకాల్’ అనే ప్రతిపాదనను ప్రచురించారు. కోరిన మొత్తం జమ అయితే రచయిత తన కృతిని అందరికీ ఉచితంగా విడుదల చేయాలన్నది దాని సారాంశం. ఆటల రచయిత గ్రెగ్ స్టోల్జీ ఇటువంటి పద్ధతినే ‘రాన్సమ్’ పేరుతో ఆచరించారు. అక్కడ కొందరు చెల్లిస్తే ఫలం అందరిదీ అవుతుంది. ఓపెన్ డిజైన్‌లో చెల్లించినవారికే ఫలం. మొదటిదానిలో పోషకుడు దాత. రెండవదానిలో అతడు భాగస్వామి. మొదటిదానిలో రచన లోకానికి చేరుతుంది, పోషకుని గొంతు రచనలో వినిపించదు. రెండవదానిలో గొంతు వినిపిస్తుంది, రచన మాత్రం లోకానికి దూరమవుతుంది.

5. సంఖ్య పెరిగితే వచ్చిన మార్పు:
2009లో కిక్‌స్టార్టర్ ప్రారంభమయ్యాక ముందస్తు నిధుల సేకరణ సులభమైంది. ఓపెన్ డిజైన్ సైతం కోబోల్డ్ ప్రెస్‌గా ఎదిగి ఆ మార్గాన్ని అనుసరించింది. ఈ పరిణామానికి ‘ఎంపైర్ ఆఫ్ ది గూల్స్’ చక్కని ఉదాహరణ. మొదట అది పరిమిత పోషకుల కోసం రూపొందిన గ్రంథం. 2019లో కిక్‌స్టార్టర్ ద్వారా నిధులు సేకరించి, అదే పేరుతో కొత్త నియమాలకు అనుగుణమైన విస్తృత గ్రంథాన్ని వెలువరించారు. ఈసారి అది అంగళ్లలో ఎవరైనా కొనగలిగే పుస్తకమైంది.

లాభం స్పష్టమే. నిధులు పెరిగాయి, చిత్రకారులకూ సంపాదకులకూ పని దొరికింది, పాఠకుల పరిధి విస్తరించింది. నష్టం అంత స్పష్టంగా కనిపించదు. కొద్దిమంది కూర్చుని ఒక పాత్ర స్వభావాన్ని చర్చించవచ్చు. వేలమందితో అది సాధ్యం కాదు. అందువల్ల చర్చ స్థానంలో ముందే నిర్ణయించిన బహుమతుల పట్టిక వచ్చింది. ఎంత మొత్తం ఇస్తే ఏ ప్రతి వస్తుందన్నదే పోషకునికి తెలియవలసిన విషయమైంది. పేరు పోషకుడే అయినా వ్యవహారంలో అతడు ముందుగా చెల్లించిన కొనుగోలుదారుగా మారాడు.

6. ముగింపు:
ఓపెన్ డిజైన్ అనుభవం రెండు విషయాలను తెలియజేస్తున్నది. మార్కెట్ ఆదరించని రచనకు, దాన్ని నిజంగా కోరుకునే చిన్న సమూహం ఊపిరి పోయగలదు. అయితే పోషకుని గొంతుకు విలువ దక్కినది ఆ సమూహం చిన్నదిగా ఉన్నంతవరకే. పరిశోధకుల దృష్టిలో మరొక చిక్కు ఉంది. పోషకులకే పరిమితమైన ప్రతులు గ్రంథాలయాలకు చేరడం కష్టం. ఏ సూచన ఎవరిది, ఏ ఓటు ఏ అధ్యాయాన్ని మార్చింది అనే వివరాలు ముద్రిత గ్రంథంలో కనిపించవు. తెలుగు కావ్యావతారికలు కృతిభర్త కోరికను కావ్యంలోనే నమోదు చేశాయి. ఆ కోరిక ఏమిటో నేటి పాఠకుడికీ తెలుస్తున్నది. సమష్టి పోషణలో వెలువడే రచనలు సైతం తమ పుట్టుకను ఈ విధంగా నమోదు చేసుకున్నప్పుడే వాటి కర్తృత్వాన్ని సరిగా అంచనా వేయడం సాధ్యమవుతుంది.