టైబరు గట్టున సాల్తరెల్లో

రోము నగరమున టైబరు నదికి అవతలి గట్టున త్రాస్తేవెరే అను పేట కలదు. ఆ పేరునకు అర్థమే 'టైబరుకు ఆవల' అని. బార్తొలొమేయో పినెల్లి 1781లో అక్కడ జన్మించినాడు. తండ్రి మట్టి ప్రతిమలు చేసి బ్రతికినవాడు. ఆ పేట బండ్లవాండ్రు, ద్రాక్షసారా అంగళ్ల ముందు చేరు కూలివాండ్రు, పండుగనాడు సింగారించుకొని వచ్చు స్త్రీలు, వీరే ఆజీవితము అతని చిత్రములకు వస్తువైనారు.

వీరి ఆట సాల్తరెల్లో. గంతులు వేయుట అను అర్థముగల మాటనుండి పుట్టిన పేరిది. 14వ శతాబ్దినాటి ఇటలీ వ్రాతప్రతి యొకదానిలో ఈ పేరుగల బాణీలు స్వరలిపితో దొరకినవి. అంతమాత్రమున పినెల్లి కాలపు జానపదుల ఆట దానికి నేరుగా సంతానమని చెప్పుట సాహసమే యగును. అక్టోబరులో ద్రాక్షకోతల వేళ రోము ప్రజలు బండ్లెక్కి తెస్తాచ్చో వంటి ఊరివెలుపలి తావులకు పోయి త్రాగి, పాడి, ఈ ఆట ఆడెడివారు. లాజియో, మార్కె, అబ్రుజ్జో సీమలలో ఇది నేటికిని నిలిచియున్నది.

పినెల్లి దీనిని నీటిరంగులలోను, రాగిరేకు ముద్రణములలోను పలుమార్లు చిత్రించినాడు. పొందిక ఇంచుమించు ఒక్కటే. ఆరుబయట, నడుమ ఒక జంట. ఆమె నడుమునకు కట్టిన ముందుగుడ్డ అంచును చేతబట్టి మెల్లగా ప్రక్కకు జరుగును. అతడు కాలెత్తి, చేయి చాచి, ఆమె చుట్టు తిరుగును. మన కంజీరను పోలిన వాద్యముతో ఒకతె, మాండొలిను మీటువాడొకడు ఒక ప్రక్కన ఉందురు. ముందు సన్నని గీత, దానిపై పలుచని రంగు. నీటిరంగులో తప్పు దిద్దుకొనుట కష్టము. కాగితమున కింకిన రంగు వెనుకకు రాదు. ఎగిరిన కాలు నేలకు దిగకముందే పట్టవలసిన చిత్రమునకు ఇంతకంటె తగిన సాధనము లేదనిపించును. తైలవర్ణములలో ఈ ఆటగాండ్రు బరువెక్కిపోయెడివారేమో!

కొన్నవారెవరు? కెమెరా లేని ఆ రోజులలో రోము చూడవచ్చిన విదేశీయులు ఇట్టి పటములను జ్ఞాపికలుగా కొనిపోయినారు. 1809లో పినెల్లి యాభై వేషభాషా చిత్రముల సంపుటిని వెలువరించినాడు. ఆ యేటనే నెపోలియను రోమును తన సామ్రాజ్యమున కలుపుకొన్నాడు. ఆటగాండ్ర ముఖములలో ఆ అలజడి జాడ కానరాదు. పేదల బ్రతుకును ముచ్చటగా మలచి పరదేశులకు అమ్మినాడన్న నింద కొంతవరకు న్యాయమే.

అయినను ఒక సంగతి మరువరాదు. తరువాత, 1810ల చివర, అతడు ప్రాచీన రోము చరిత్రను సుమారు నూరు చిత్రములలో వ్రాసినాడు. ఆ వీరులకు ఇచ్చిన భుజములు, నిలుచు ఠీవి ఈ బండ్లవాండ్రవే. జాలిగొలుపు పేదలుగా తన పేటవారిని అతడు చూపలేదు. 1835లో రోములోనే కన్నుమూసినాడు.

అతని పటముల అడుగున తరచు పినెల్లి సంతకము, రోము పేరు, సంవత్సరము ఉండును. ఆడినవారి పేర్లు లేవు.